శుభం తర్వాత డాన్సు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. కుట్టుమిషన్ ముందు అమ్మ, ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతూ. పన్ను పీకించుకుని, దవడకి గుడ్డ కట్టుకుని, నోరు తెరవలేని మామయ్య. మధ్యాహ్నం కునుకు కూడా మానుకుని ముస్తాబైన అమ్మమ్మ. కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరుగుతున్న తాతయ్య. అసలు పిల్లి వేరే ఉంది: అమ్మమ్మ మనవరాలు. నలుగురిలో నోరు మెదపదనీ, నడిస్తే అలికిడి ఉండదనీ ఆమెకి ఇంట్లో ఆ పేరు పెట్టేశారు.

ముస్తాబంతా ఒక సినిమా కోసం. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయికీ, అతనికి కట్టుకట్టిన నర్సుకీ ప్రేమ. అమ్మమ్మ పెళ్లికి ముందు వచ్చిన సినిమా. ఇప్పటికీ ఊళ్లో ఆ వయసువాళ్లు నలుగురు చేరితే చాలు, కబుర్లు కాస్తా ఆ పాటల్లోకి జారిపోతాయి. మామయ్య ఎక్కడో వెతికి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. టీవీకి తగిలించి నడిపే పని పిల్లిది.

తాతయ్య ఆమెని వంటింట్లోకి లాగాడు.

"ఒసే పిల్లీ, నా కొంప మునిగిందే!"

"ఏమైంది తాతయ్యా?"

"ఆ సిపాయి చచ్చిపోతాడే."

"తిరిగొస్తాడని అమ్మమ్మ చెప్పిందే! చేతికి కట్టుతోనే నర్సుతో డాన్సు కూడా చేస్తాడంది."

"చేస్తాడు. చచ్చాక."

పిల్లి గుడ్లప్పగించి చూసింది. తాతయ్య గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు.

అప్పట్లో ఆయన సినిమాహాల్లో ఆపరేటరు. ఒకే సినిమా పెట్టెలతో రెండూళ్లలో ఆట నడిచేది. పక్కూళ్లో ఒక్కో రీలూ అయిపోగానే సైకిలు మీద ఇక్కడికి తెచ్చేవారు. మొదటిరోజే డాన్సు రీలు తెస్తున్న సైకిలు పంక్చరైంది. దాని వెనక బయల్దేరిన చివరి రీలు ముందే చేరిపోయింది. తెర ఖాళీగా ఉంటే జనం కుర్చీలు విరగ్గొట్టేలా ఉన్నారు. తాతయ్య చేతికందిందే ఎక్కించాడు. సిపాయి రైలెక్కాడు, పోయాడని కబురొచ్చింది, నర్సు ఏడ్చింది, శుభం పడింది. జనం ముక్కులు చీదుకుంటూ లేస్తుండగా డాన్సు రీలు దిగింది. వచ్చింది కదా అని అదీ వేసేశాడు. ఇంకేముంది! కబురు అబద్ధమనీ, సిపాయి దెబ్బతో బతికొచ్చాడనీ హాలంతా ఒకటే ఈలలు. మర్నాటి నుంచి అలాగే వెయ్యమన్నాడు యజమాని. 'శుభం' పడేచోట మాత్రం తాతయ్య ప్రొజెక్టరుకి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు.

"అమ్మమ్మకి చెప్పెయ్ తాతయ్యా."

"చెప్పెయ్యాలా? నన్ను చేసుకుంటావా అని అడిగితే మీ అమ్మమ్మ ఏమందో తెలుసా? ఆ సిపాయిలా తిరిగొచ్చే మనిషైతేనే అంది. వాడు రానేలేదని తెలిస్తే ఈ వయసులో నా గతేంటే? నా తల్లివి కదూ, నువ్వే ఆ రీళ్లు మార్చాలి."

పిల్లికి అబద్ధమంటే వణుకు. కానీ తాతయ్య మొహం చూస్తే కాదనడానికి నోరు రాలేదు. సినిమాని ముక్కలు చేసి, డాన్సుని తీసుకెళ్లి చివర పెట్టింది. చూసిన మామయ్య "ఊఁ! ఊఁ!" అని ఏదో చెప్పబోయి దవడ పట్టుకున్నాడు.

సినిమా మొదలైంది. మొదటి పాటకే మిషన్ ఆగిపోయింది. మాటలు తెర మీదివాళ్లకంటే ముందు అమ్మమ్మే చెప్పేస్తోంది. చావు కబురొచ్చేసరికి అమ్మ జాకెట్టు చేతితోనే కళ్లు తుడుచుకుంది. ఎప్పుడో చిన్నప్పుడు చూసిన సినిమాయే, అయినా ఏడుపు ఆగలేదు.

'శుభం' పడబోతుండగా తాతయ్య చటుక్కున లేచి టీవీకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చేతికి అలవాటైన పని కదా!

"ఏమండీ, ఏమిటది?"

"దోమ!"

డాన్సు మొదలైంది.

"ఆపవే పిల్లీ," అంది అమ్మమ్మ.

తాతయ్య నిలువునా నీరైపోయాడు.

"దోమట! అప్పుడూ అంతే. తెర మీద ఐదు వేళ్లూ కనపడేవి."

"నీకు... తెలుసా?"

"మా అక్క వాళ్ల ఊళ్లో ముందే చూశానండీ. అన్నం సయించలేదంటే నమ్మండి. ఇక్కడికొచ్చి మళ్లీ చూస్తే, పోయినవాడు లేచొచ్చి గంతులేస్తున్నాడు! ఎవడ్రా ఈ మహానుభావుడని వెనక్కి తిరిగి మీ గది కంతలోకి చూశాను. చచ్చినవాణ్ని లేపుకొచ్చేవాడు ఇంట్లో ఉంటే మంచిదే అనుకున్నాను."

"మరి ఆ సిపాయిలా తిరిగొచ్చే మనిషి కావాలన్నావ్?"

"మీ సిపాయి అండీ. వాళ్ల సిపాయి నాకెందుకు?"

తాతయ్య మొహం చేటంత అయింది. అమ్మ నవ్వాపుకోలేక జాకెట్టు నోట్లో కుక్కుకుంది. మామయ్య నవ్వబోయి "అబ్బా!" అన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మీరు వాణ్ని బతికించేశాక వాడి కోసం మళ్లీ ఏడ్చే యోగమే లేకపోయింది నాకు," అంది అమ్మమ్మ. "ఇవాళైనా అసలుది చూడనివ్వండి. పిల్లీ, దేని చోట దాన్ని పెట్టు."

పిల్లి పెట్టేసింది. అమ్మమ్మ అందర్నీ బయటికి తోలింది. అమ్మ జాకెట్టుతో, మామయ్య దవడతో వరండాలోకి నడిచారు. పిల్లి మాత్రం కదల్లేదు.

"నేనూ చూస్తా!" అంది, ఎన్నడూ లేనంత గట్టిగా.

"నోరొచ్చిందే దీనికి! నువ్వు రేపు చూద్దువుగానీ పోవే. మొగుడూ పెళ్లాలం తీరిగ్గా ఏడ్చుకుంటాం, మధ్యలో నువ్వెందుకు?"

తాతయ్య చేతికి తుండుగుడ్డ అందించి, పిల్లిని గడప దాటించి, అమ్మమ్మ తలుపేసేసింది.