గెలిచినవాళ్ళే గంట కొట్టాలి

కొండమీది ఆఖరి స్టాపులో బస్సు ఆగేది సరిగ్గా ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల్లో మనిషి ఏం చేయగలడు? నోరు కాలినా ఫరవాలేదనుకుంటే ఒక టీ తాగొచ్చు. చెప్పులో దూరిన రాయి తీసి పారేయొచ్చు. ఇంటికి ఫోన్ చేసి, అవతలివాళ్ళు ఎత్తేలోపు విసుగొచ్చి పెట్టేయొచ్చు. ఈ కథలోని పెద్దాయన మాత్రం ఆ ఆరు నిమిషాలూ స్టాపు బెంచీ మీద కూర్చుని ఫోనులో రంగు బుడగలు పగలగొట్టేవాడు. పగలగొట్టడంలో తప్పేమీ లేదు. చిక్కంతా "ఇంకొక్కటి" అనడంలో ఉంది.

పెద్దాయన ఆ బస్సుకి డ్రైవరు. కండక్టరు ఆయన సొంత కోడలే. ఇంట్లో మామగారి ముందు గొంతు పెంచని ఆ పిల్ల, భుజాన టికెట్ల సంచీ పడగానే వేరే మనిషి. "ఆపండి మామయ్యా!" అంటే బస్సు ఆగాలి, "రైట్ మామయ్యా!" అంటే కదలాలి. రోజూ ఎక్కేవాళ్ళు ఆమెను టికెట్టమ్మ అంటారు. "ఇంత చెప్పినమాట వినే మామ ఎక్కడ దొరికాడమ్మా?" అని ఏడిపిస్తారు. "రోడ్డు మీద వింటారండీ, స్టాపులోనే వినరు" అంటుంది టికెట్టమ్మ. అది నవ్వులాటకి అన్న మాట కాదు.

ఆ నెలలో అప్పటికి రెండుసార్లు బస్సు కొండ స్టాపు నుంచి ఆలస్యంగా కదిలింది. ఒకసారి నాలుగు నిమిషాలు, ఒకసారి ఐదు. రెండుసార్లూ బుడగలే కారణం. ఆలస్యానికి సంజాయిషీ అడిగే రెండో కాగితం ఇచ్చినప్పుడు తనిఖీ అధికారి ఒకటే మాట చెప్పాడు. ఆయన పదిమాటలకోసారి మణికట్టు చూసుకుంటాడు, అందుకే డిపో అంతా ఆయన్ను గడియారంగారు అంటుంది.

"ఈ నెల్లో మూడోది వస్తే స్టీరింగు తీసేస్తాం. డిపోలోనే ఉండి బళ్ళు కడుక్కోవచ్చు పెద్దాయనా."

రిటైరవడానికి పెద్దాయనకి ఇంకా పది నెలలుంది. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి చివరి పది నెలలు గొట్టం పట్టుకుని చక్రాలు కడగడమా! టికెట్టమ్మకి ఆ పూట అన్నం గొంతు దిగలేదు. పెద్దాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తినేసి, చేయి కడుక్కుని, "రేపట్నుంచి చూసుకుందాంలే అమ్మాయ్" అన్నాడు. ఆయన ఆ మాట కిందటి నెల కూడా అన్నాడు.

మర్నాడు టికెట్టమ్మ ఫోను లాక్కుంది. దానితో కథ కంచికి వెళ్ళిపోతుందనుకుంది. పెద్దాయన ఆరు నిమిషాలూ సీట్లోనే కూర్చుని అద్దంలోంచి ఖాళీ రోడ్డు చూశాడు. సమయానికే బయల్దేరాడు. అయితే ఆ రోజు ఆయన బ్రేకు వేసినప్పుడల్లా నిలబడ్డవాళ్ళందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"టికెట్టమ్మా, మీ మామగారికి ఆ ఫోనేదో ఇచ్చెయ్యమ్మా" అంది రోజూ ఎక్కే పంతులమ్మ, నడుం పట్టుకుని. "మా ఎముకలైనా మిగుల్తాయి."

దిగాక పెద్దాయనే చెప్పాడు. "కళ్ళు మూసుకున్నా రోడ్డే కనిపిస్తుందమ్మాయ్. ఆ బుడగలు చూస్తుంటేనే కాసేపు పోతుంది. అంతే." ఆ మాట విన్నాక ఆమెకు మామగారి మీద కోపం పోయి జాలి పుట్టుకొచ్చింది. ఆట మాన్పించడం కాదు, ఆరు నిమిషాలకు సరిపోయే ఆట వెతకాలి. ఫోనులో లక్ష ఆటలున్నాయి కదా, ఆరు నిమిషాలది ఒక్కటి దొరకదా అనుకుంది.

దొరకడం సులువే. పెద్దాయనకి సరిపోవడమే కష్టం.

మొదట చదరంగం పెట్టింది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలే, గడియారం అయిపోతే ఆటా అయిపోతుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఎక్కడో ఊరూ పేరూ తెలియని మనిషి చేతిలో ఓడిపోయి పెద్దాయన లేస్తాడా? "తెర మీద వేలు జారిందమ్మాయ్, లేకపోతే వాడెంత!" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదే ఇది. ఆమె భుజం పట్టి లేపితే ఇరవై సెకన్లు మిగిలుండగా బస్సు కదిలింది.

తర్వాత అంకెల గళ్ళు. రోజుకి ఒక్కటే వస్తుంది, ఇంకొక్కటి అనే అవకాశమే లేదు. టికెట్టమ్మ తన తెలివికి తనే మురిసిపోయింది. ఆరు నిమిషాల్లో గళ్ళు సగమే నిండాయి. ఫోను ఆమె సంచీలోకి వెళ్ళింది కానీ, మిగతా సగం పెద్దాయన బుర్రలో ఉండిపోయింది. బడి స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. దిగాల్సిన పంతులమ్మ గొడుగుతో సీటు బాదితే గానీ ఆయన ఈ లోకంలోకి రాలేదు. "అక్కడ ఏడు వస్తుంది!" అన్నాడు బస్సు ఆపి, వెలిగిపోతున్న ముఖంతో. పంతులమ్మ ఎండలో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది.

ఆ తర్వాత తోట ఆట. విత్తనం వేయడం, వచ్చేయడం, అదే పండుతుంది. ఆరు నిమిషాలక్కూడా పని లేదు, రెండు చాలు. ఇదే సరైనదని ఆమె నమ్మింది. మార్కెట్ దగ్గర బస్సు నిండా జనం ఉండగా సంచీలో ఫోను కుయ్యిమంది. ముందు నుంచి పెద్దాయన, "అమ్మాయ్! టమాటాలు ఎండిపోతాయి, నీళ్ళు పొయ్యి!" అని కేకేశాడు. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన పాపం, ఎవరి బుట్టలో టమాటాలో ఏమిటో అని తన నీళ్ళ సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. బస్సంతా నవ్వింది. టికెట్టమ్మ కూడా నవ్వింది కానీ, నెలాఖరు దాకా ఇంకా నాలుగు రోజులు గట్టెక్కాలని ఆమె ఒక్కదానికే గుర్తుంది.

ఆ సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని ఒక్కో ఆటా తెరిచి నిమిషాలు లెక్కపెడుతుంటే, అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తూ చాలాసేపు చూసింది.

"ఏంటే, పరీక్షకి చదువుతున్నావా?"

"ఆరు నిమిషాల్లో అయిపోయే ఆట కావాలత్తయ్యా. ఏది పెట్టినా మామయ్య లేవట్లేదు."

"ఆటకి ఎంతసేపు పడుతుందో చూస్తే ఏం లాభం? మీ మామయ్య లేవడానికి ఎంతసేపు పడుతుందో చూడు." అత్తగారు ఒక తొక్క ఆమె ఒళ్ళోకి విసిరింది. "నలభై ఏళ్ళయింది కాపరానికొచ్చి. ఆయన ఒక్కడే కూర్చున్న చోటు నుంచి ఒక్కడే లేవడం నేనెరగను. పేపరు ముందు కూర్చుంటే మధ్యాహ్నం. అదే ఎదురుగా మనిషుంటే, ఆ మనిషి లేస్తే లేస్తాడు. అందుకేగా రోజూ అన్నం ఆయనతో పాటే తినేది! నాకేం ఆకలేసి కాదు."

టికెట్టమ్మ చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆటల్ని కొలుస్తూ వచ్చింది, ఆడే మనిషిని కొలవలేదు. "అత్తయ్యా, మీ నోట్లో చక్కెర పొయ్యాలి" అంది.

"చక్కెర నాకు పడదు. ముందు ఇవి ఒలువు."

ఆమె వెతికి పట్టిన ఆట చిన్నపిల్లలది. తెర మీద చుక్కలుంటాయి. ఒకరి తర్వాత ఒకరు రెండు చుక్కల మధ్య ఒక గీత గీయాలి. నాలుగో గీతతో గడి మూసినవాళ్ళది ఆ గడి. ఒకే ఫోను మీద ఇద్దరాడొచ్చు, ఎన్ని గళ్ళు కావాలో ముందే పెట్టుకోవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ముందు అత్తగారితో ఆడి చూసింది. తొమ్మిది గళ్ళకి నాలుగు నిమిషాలు పట్టింది. తొమ్మిది బేసి కాబట్టి సమానమయ్యామనే పేచీ కూడా లేదు. మార్కెట్ స్టాపులో ఆగే పదకొండు నిమిషాలకి పాతిక గళ్ళు పెట్టుకోవచ్చు. మామగారు "ఇంకొక్కటి" అంటే ఏం చేయాలన్నదే మిగిలింది. మంచం మీద వాలాక ఆమెకు దానికీ మందు దొరికింది.

మర్నాడు కొండ స్టాపు బెంచీ మీద మామగారికి ఎదురుగా కూర్చుని షరతు చెప్పింది. "ఒక్కటే ఆట మామయ్యా. గెలిచినవాళ్ళే గంట కొట్టాలి."

పెద్దాయన తలెత్తి బస్సులో వెనక వేలాడే గంట తాడు వంక చూశాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ గంట ఆయన వింటూనే ఉన్నాడు. ఒకసారి మోగితే ఆపాడు, రెండుసార్లు మోగితే కదిలాడు. ఒక్కనాడూ కొట్టలేదు. అది కండక్టరు సొత్తు, డ్రైవరు ముట్టుకోకూడదు, అంతే.

"నిజంగా నన్ను కొట్టనిస్తావా?" అన్నాడు.

ఆ మొదటి ఆటలో ఆయన అయిదు గళ్ళతో గెలిచాడు. ఫోను ఆమె ఒళ్ళో పడేసి, పెళ్ళికొడుకులా బస్సెక్కి వెనక్కి నడిచి, తాడు రెండుసార్లు లాగి, "రైట్!" అని అరిచాడు. మళ్ళీ అంత దూరమూ నడిచొచ్చి సీట్లో కూర్చుని, తన గంటకి తనే లొంగి బస్సు కదిలించాడు. ఇంకా నలభై సెకన్లుంది. ఎక్కినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆయన బ్రేకు వేస్తే పంతులమ్మ ఒళ్ళోని పుస్తకం కూడా జారలేదు. "ఇంకొక్కటి" అన్న మాటే లేదు. గంట కొట్టాక ఇంకొక్కటి ఏముంటుంది?

మూడు రోజులు అలాగే గడిచాయి. నెలలో చివరి రోజు కొండ స్టాపు బెంచీ మీద గడియారంగారు కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో కాగితాల అట్టతో. పెద్దాయన నమస్కారం పెట్టి ఎప్పటిలాగే బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. ఆట మొదలైంది.

అధికారి ముందు మణికట్టు చూసుకున్నాడు. తర్వాత ఫోను చూశాడు. తర్వాత మణికట్టు చూసుకోవడం మర్చిపోయాడు.

"అక్కడ గీయకమ్మా, ఆయనకి మూడు గళ్ళొస్తాయి" అన్నాడు ఉన్నట్టుండి.

అప్పటికే టికెట్టమ్మ గీసేసింది. పెద్దాయన మూడూ మూసి గెలిచాడు. "ఇలా ఇవ్వమ్మా" అని గడియారంగారు చేయి చాచాడు. "ఫోనుతో ఆడొచ్చా? ఒక్కటి చూసిస్తాను." పైఅధికారి అడిగితే కాదంటామా? ఇచ్చింది. ఆయన మొదటి గీత గీసి, రెండో గీతకి గడ్డం కింద చేయి పెట్టుకున్నాడు.

టికెట్టమ్మ స్టాపు గోడమీది గడియారం చూసింది. ఇంక అరవై సెకన్లే ఉంది. అధికారిని లెమ్మని ఎలా అంటుంది? ఆగితే మూడో ఆలస్యం, కదిలితే అధికారినే వదిలేసి పోవడం. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పని. నలభై సెకన్లు. "సార్..." అంది. "ఊ, ఒక్క నిమిషం" అన్నాడు తల ఎత్తకుండా.

అప్పుడు పెద్దాయన లేచాడు. ఎదురుగా ఎవరూ లేవలేదు. ఆయన ఒక్కడే లేచాడు. బస్సెక్కి వెనక్కి నడిచి తాడు రెండుసార్లు లాగాడు.

"ఎక్కమ్మాయ్."

"మామయ్యా, సారు! మీ ఫోను!"

"గెలిచాను, గంట కొట్టాను. గంట కొట్టాక బండి ఆగకూడదు. అది నీ షరతేగా?"

సెకను కూడా తేడా లేకుండా బస్సు కదిలింది. వెనకద్దంలో గడియారంగారు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అట్ట ఎత్తి పది గజాలు పరిగెత్తి ఆగిపోయాడు. బస్సులో ఒక్కరూ నవ్వలేదు, అందరూ టికెట్టమ్మ ముఖం వంకే చూశారు. ఆ గంటసేపటి ప్రయాణం ఆమెకు ఏడాదిలా గడిచింది. పెద్దాయన మాత్రం మెత్తగా మలుపులు తిప్పుకుంటూ కూనిరాగం తీశాడు.

మళ్ళీ కొండెక్కేసరికి గడియారంగారు అదే బెంచీ మీద ఉన్నాడు. లేచి వచ్చి అట్ట ఆమె చేతికిచ్చాడు. కాగితం మీద రెండే వాక్యాలున్నాయి: "బస్సు సరైన సమయానికి బయల్దేరింది. ఆలస్యమైంది నేను."

ఆమె రెండుసార్లు చదివింది. కళ్ళు మసకబారితే మూడోసారి చదవలేక కాగితం మామగారి ముందు పెట్టింది. పెద్దాయన చదివి, మడతపడకుండా రెండు చేతులతో తిరిగి అధికారికి ఇచ్చాడు.

"ఎన్ని ఆటలాడారు సార్?"

"పదకొండు."

"ఎన్ని గెలిచారు?"

గడియారంగారు ఫోను టికెట్టమ్మకి ఇచ్చేసి గంట తాడు వంక ఆశగా చూశాడు. "ఒక్కటీ లేదు."

"అయితే ఎక్కి కూర్చోండి సార్" అన్నాడు పెద్దాయన. "టికెట్ తీసుకోండి. అమ్మాయ్, తొమ్మిది గళ్ళు పెట్టు, ఇంకా ఐదు నిమిషాలుంది."