బీడీ మచ్చ తుపాకీ

దేవదానం పగబట్టిన మనిషి. ఈ మాట మొదటే చెప్పెయ్యడం మంచిది. లేకపోతే ఊళ్ళోవాళ్ళలాగే మీరూ అతన్ని పాత తుపాకీల పిచ్చోడనుకుంటారు.

ఊళ్ళోవాళ్ళకి తెలిసిందల్లా ఇదీ. సాలమోను కొడుకు దేవదానం మిలటరీలో పదిహేడేళ్ళు ఆయుధాలు బాగుచేసి, డెబ్బై తొమ్మిదిలో పెన్షన్ పుచ్చుకుని, ఐ.పోలవరం పక్కన తన పేటకి తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఇంటికి పెంకులు మార్పించాడా? లేదు. పెళ్ళానికి గాజులు చేయించాడా? అదీ లేదు. లైసెన్సు సంపాదించుకుని, దొరల కాలంనాటి తుపాకీ ఎక్కడుందంటే అక్కడికి సైకిలెక్కి పోవడమే పని. కొబ్బరి దళారి పాపారావుకి గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఏ అటక మీద ఏముందో తెలుసు. "లండన్ సరుకండి, చూస్తే కళ్ళు తిరుగుతాయి" అని అతనో కబురు పట్టుకొస్తే చాలు, దేవదానానికి ఆ పూట అన్నం సయించేది కాదు.

తీరా వెళితే ఏముంటుంది? రామచంద్రపురంలో పట్టుగుడ్డలో చుట్టి, కుంకంబొట్టు పెట్టి చూపించిన లండన్ సరుకు మీద గోటితో గీరితే రంగుతో రాసిన దొరగారి పేరు పెచ్చులుగా ఊడొచ్చింది. అంతర్వేదిలో ఒకావిణ్ణి "తుపాకీ గొట్టం ఏదమ్మా?" అని అడిగితే వంటింట్లోంచి తెచ్చి ఇచ్చింది. జానెడున్నర కోయించి పొయ్యి ఊదుకుంటోంది! పైగా "బాగా ఊదుతాదండి, పొగే రాదు" అని సర్టిఫికెట్టు. కొండను తవ్వి ఎలుకను పట్టుకుని ఇంటికొచ్చి, రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మూడో రోజు మళ్ళీ సైకిలు గాలి చూసుకునేవాడు.

ఎందుకంటే అతను వెతుకుతున్నది ఒకే ఒక్క తుపాకీ.

అతనికి తొమ్మిదేళ్ళప్పటి సంగతి. తండ్రి సాలమోను మాణిక్యాలరావు గారి పాలేరు. చలికాలం వస్తే మడ అడవుల పక్కన ఉప్పునీళ్ళలో పరజ పిట్టలు దిగేవి. సాలమోను పీకల్లోతు నీళ్ళలో చప్పుడు కాకుండా నడిచివెళ్ళి పిట్టల్ని లేపాలి. అయ్యగారు పడవలో నిలబడి కాల్చాలి. ఒకరోజు పిట్టలు లేచాయి, తుపాకీ కిందికి పేలింది. సీసం రవ్వ సాలమోను ఎడమ కంట్లో దిగింది. "పిట్టల్ని లేపరా అంటే నువ్వు లేచేవేంట్రా?" అని మాణిక్యాలరావు గారు నవ్వారట. అప్పుడాయన కుర్రజమీందారు. సాయంత్రానికి కంటికి బదులన్నట్టు రెండు పరజల్ని పాలేరు ఇంటికి పంపించారు.

తల్లి ఎలీసమ్మ ఏడుస్తూనే కూర వండింది. దేవదానం తిన్నాడు. ఆకలి మరి. కూర రుచిగా ఉంది, ఆ రుచే అతన్ని జీవితాంతం కాల్చింది. నాలుగో ముద్దలో పళ్ళ కింద సీసం రవ్వ టక్కుమంది. అలాంటిదే లోపల నాన్న కంట్లో ఉంది.

ఆ కన్ను ఇప్పటికీ కారుతూనే ఉంటుంది. మిలటరీ నుంచి వచ్చినప్పటి నుంచీ రోజూ పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్ళలో గుడ్డ ముంచి దేవదానమే తుడుస్తాడు. తుడిచినప్పుడల్లా ఒకటే అనుకునేవాడు: ఆ తుపాకీ మా ఇంటికి రావాలి. ఆ మనిషి చేత్తో ఇవ్వాలి. మా నాన్న ఒళ్ళో పెట్టాలి.

గుర్తు కూడా తండ్రే చెప్పాడు. జోడుగొట్టాలది. గొట్టాల మీద పాము ఒంటిమీది పొడల్లాంటి చారలు. భుజానికి ఆనించే కర్ర మీద ఒక కాలిన మచ్చ. సాలమోను బీడీ ఆనించాడు ఒకసారి, చెంప పగిలింది కూడా.

కానీ ఆ తుపాకీ అన్నదమ్ముల పంపకాల్లో ఎటో పోయిందన్నారు. మూడేళ్ళు కోనసీమంతా గాలించాడు. లేదు.

ఎనభై రెండు ఆఖర్లో ఎలక్షన్లొచ్చాయి. ఎలక్షన్లంటే లైసెన్సున్న ప్రతి తుపాకీ స్టేషన్లో అప్పగించాల్సిందే కదా. గోతాల్లో, దుప్పట్లలో చుట్టుకుని అందరూ తెచ్చారు. లోపల తూటాలేమైనా ఉండిపోయాయేమో చూసి పెట్టమని దేవదానాన్ని పిలిపించారు. బల్ల మీద ఇరవైమూడు తుపాకీలు! నోరూరిపోయిందనుకోండి. ఒక్కోటీ ఎత్తి, మడిచి, గొట్టంలోకి చూసి పక్కన పెడుతున్నాడు. పదిహేడోదాని మీద వేలు ఆగిపోయింది.

బీడీ మచ్చ.

పక్కనున్న కానిస్టేబులు "ఏమండీ, ఒంట్లో బాగోలేదా?" అనడిగాడు. ఎవరిదని చూస్తే చీటీ మీద మాణిక్యాలరావు పేరే. అన్నదమ్ములు వాటా అడుగుతారని ఇన్నేళ్ళూ ధాన్యం గాదెలో దాచేశాడు మహానుభావుడు! అన్నలిద్దరూ పోయాక బయటికి తీసి లైసెన్సు చేయించాడు.

గొట్టాల్ని వెలుతురుకు పట్టి చూశాడు. చూసి నీరుగారిపోయాడు. లోపలంతా తుప్పు తిన్న గుంటలు. ఎడమ గొట్టం ఒకచోట వేలితో నొక్కితే వంగేట్టుంది. ఆ కాలపు గొట్టాలు ఇనపకడ్డీల్ని మెలితిప్పి, చుట్టి, అతికించినవి. చేత్తో నింపిన నల్ల తుపాకీమందుకు ఓర్చుకుంటాయిగానీ ఇప్పటి కంపెనీ తూటా పెడితే, అందులోనూ ఇంత తుప్పుతో, ముక్కలైపోతాయి. అయ్యో, ఇంత చక్కటి పనితనాన్ని ఇలా చంపేశాడే అని ఏడుపొచ్చింది. ఆ మనిషికి చెప్పాలి అని కూడా అనుకున్నాడు, అబద్ధమెందుకూ.

ఎలక్షన్లు అయ్యాక వెళ్ళాడు. అరుగు మీద పదిమంది కూర్చునున్నారు. "ఆ పాత తుపాకీ నాకు ఇప్పించండి బాబుగారూ, ఎంతంటే అంతే ఇచ్చుకుంటాను" అన్నాడు చేతులు కట్టుకుని. మిలటరీలో హవల్దారు చేసినవాడి చేతులవి!

మాణిక్యాలరావు పళ్ళు కుట్టుకుంటున్న పుల్ల తీశాడు. "మీ నాన్న కన్నుతో దిష్టి తీసిన తుపాకీరా అది. అలాంటిదాన్ని అమ్ముకుంటామా?"

అరుగంతా నవ్వింది. చెప్పాలనుకున్న మాట దేవదానం గొంతులోనే ఉండిపోయింది. ఉండనీ అనుకున్నాడు. పనికొస్తుంది.

వైశాఖంలో మాణిక్యాలరావు కొడుకు పెళ్ళి. ఆ ఇంట్లో పెళ్ళికొడుకు బయలుదేరేముందు ఇంటి పెద్ద ఆకాశంలోకి రెండుసార్లు కాల్చడం ఆనవాయితీ. ఆ పొద్దున్న తుపాకీ తెరుచుకోవడం లేదని దేవదానానికి కబురొచ్చింది. వెళ్ళాడు. దొడ్లో కొబ్బరి మట్టల పక్కన తనూ మాణిక్యాలరావూ ఇద్దరే ఉన్నారు. నూనె వేసి, బిగుసుకున్న మడత వదులు చేశాడు. అప్పుడు కనబడ్డాయి ముక్కాలిపీట మీద ఎర్రటి కొత్త తూటాలు.

"మంగరాజు తాత నింపే ఇత్తడి తూటాలు లేవాండి?"

"వాడు పోయేడు కదరా నిరుడు. ఇవి కాకినాడ నుంచి తెప్పించేను. వీటి మోతే వేరంట."

ఇక్కడ దేవదానం నోరు తెరిచాడు. తెరిచి, మూశాడు. ఆ మనిషి సంగతి అతనికి బాగా తెలుసు. ఒంటరిగా ఉంటే పిల్లి తుమ్మినా ఇల్లు కదలడు. పదిమందిలో మాత్రం ఎవరేం చెప్పినా దానికి ఎదురే వెళతాడు. ఒకసారి రేవులో జనం ముందు సరంగు "పడవ బరువెక్కువైందండి" అన్నందుకు ఇంకో ఇద్దర్ని ఎక్కించి, నడుంలోతు నీళ్ళలో మునిగి, పంచె పిండుకుంటూ ఇంటికెళ్ళిన ఘనుడు. దొడ్లో చెబితే వింటాడు. మరి పందిట్లో చెబితే?

"అయిందేంట్రా?"

"ఆయ్, అయిందండి" అని చేతులు తుడుచుకున్నాడు దేవదానం.

మధ్యాహ్నం నాలుగింటికి పందిరి కిటకిటలాడుతోంది. కాకినాడ చుట్టాలు, అమలాపురం ప్లీడర్లు, బాజాలు. మాణిక్యాలరావు పట్టుపంచె ఎగ్గట్టి తుపాకీ ఎత్తాడు. దేవదానం జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, మిలటరీ గొంతుతో అరిచాడు.

"కాల్చకండి బాబుగారూ! అది మీ చేతిలో పేలిపోద్దండి!"

బాజాలు ఆగిపోయాయి. మాణిక్యాలరావు తలతిప్పి చూశాడు. ఆ చూపు కోసమే దేవదానం ముప్పై ఏళ్ళు కాచుకున్నాడు.

"నా తుపాకీ సంగతి సాలమోను కొడుకు నాకు చెబుతాడా!" అన్నాడు మాణిక్యాలరావు.

కుడి గొట్టం పేలింది. ఏమీ కాలేదు. ఆయన దేవదానం వైపు చూసి పగలబడి నవ్వాడు, జనమూ నవ్వారు. ఒక్క క్షణం దేవదానం 'తప్పిపోయిందా' అనుకున్నాడు! అంత పాపిష్టి ఆలోచన. రెండోది ఎడమ గొట్టం.

మాణిక్యాలరావు ఎడంచేతి బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు పోయాయి. ముఖానికేమీ కాలేదు, అదృష్టం. పెళ్ళికూతురి తరపువాళ్ళు, పోలీసులు, అందరిదీ ఒకటే మాట: "చెప్పేడండి పాపం ఆ దేవదానం. ఈయనే వినలేదు." టీ కొట్టు దగ్గర అతనికి కుర్చీ వేసేవారు. దేవదానం ఆ కుర్చీలో కూర్చుని, టీ తాగి, లోపల్లోపల పండగ చేసుకున్నాడు. దిష్టి తీశాం నాన్నా, ఇప్పుడు సరిగ్గా తీశాం అనుకునేవాడు.

మూడు నెలలకి పాపారావు సైకిలు వెనక గోనెలో చుట్టి తెచ్చాడు. ఎడమ గొట్టం అరటిపువ్వులా విచ్చుకుని ఉంది.

"బాబుగారు మీకిమ్మన్నారండి. 'వాడు నా మంచికే చెప్పేడు, బుద్ధి లేక వినలేదు, సాలమోనుకి కూడా చెప్పు' అన్నారు. కళ్ళనీళ్ళెట్టుకున్నారండి."

దేవదానానికి ఆ మాట చేదుమాత్రలా దిగింది. తిట్టి ఉంటే బాగుండేది. అయినా తుపాకీ వచ్చింది కదా! పొద్దున్నే తండ్రి మంచం దగ్గర నీళ్ళగిన్నె పెట్టి, ముందు తుపాకీని ఆయన ఒళ్ళో పెట్టాడు. సాలమోను వేలు కర్ర మీద తడుముతూ వెళ్ళి మచ్చ దగ్గర ఆగింది.

"ఇదే" అన్నాడు ముసలాయన. "కాల్చొద్దని చెప్పేవంట కదా?"

"చెప్పేను నాన్నా."

"ఎక్కడ?"

"పందిట్లో. ఊరంతా విన్నారు."

"పొద్దున్న దొడ్లో మీరిద్దరే ఉన్నారంట కదా. అక్కడ చెప్పలేదా?"

దేవదానం గుడ్డ నీళ్ళలో ముంచాడు, పిండాడు, మళ్ళీ ముంచాడు.

"పందిట్లో చెబితే ఆయన వినడని ఈ లంకల్లో కుక్కలక్కూడా తెలుసురా."

"నీ కన్ను పోయింది నాన్నా!" దేవదానం అరిచాడు. "రెండు పిట్టలు పంపేడు! దిష్టి తీసేనన్నాడు! నీకు కోపం లేదా?"

"లేకేం? ముప్పై ఏళ్ళ నుంచీ ఉంది. ఆదివారం గుళ్ళో మోకరించినప్పుడు కూడా ఉంది. ఏం చేసుకోవాలో దేవుణ్ణే అడుగుతున్నాను." ముసలాయన తుపాకీని ఒళ్ళోంచి కిందికి జరిపాడు. "కానీ అది నా కోపంరా. నన్నడక్కుండా నువ్వెందుకు వాడేసేవు?"

దేవదానం చేతిలో తడిగుడ్డ ఉంది. దాంతో అలవాటుగా ముందుకు వంగాడు. సాలమోను ముఖం పక్కకి తిప్పుకుని, అతని చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"ఇటియ్యి. నేనే తుడుచుకుంటాను."

తుడుచుకున్నాడు కూడా. తుడుచుకున్నది మాత్రం మంచి కన్ను.