తెరిపి ఇవ్వని కారు

ఊరంతా ఎండ కాస్తోంది. గవిరయ్య కారులో మాత్రం వాన పడుతోంది.

కారు పాతది, ఎవరో వాడి అమ్మేసినది. నెత్తిన రేకు లేదు, గుడ్డ టాపు ఉంది. బకిళ్లు విప్పి వెనక్కి మడిస్తే గొడుగులా ముడుచుకుంటుంది. ఊరేగింపుకి టాపు తియ్యాలి, వానకి టాపు వెయ్యాలి, రెండూ కుదిరే బండి ఇదేనని గవిరయ్య వాళ్లప్ప పెళ్లికి కొన్నాడు.

అప్ప అంటే అక్క, పేరు అసిరమ్మ. పెళ్లిచీర కట్టుకుని, బుగ్గన చుక్క పెట్టుకుని, వెనక సీట్లో కూర్చుని తడుస్తోంది.

ఇంటికి కేకేసే దూరంలో గెడ్డ పారుతోంది, పెళ్లికొడుకు దాని అవతలి గట్టున ఉన్నాడు. నలభై ఏళ్ల కిందట పెళ్లినాడే గెడ్డ పొంగితే మగపెళ్లివారు అక్కడే ఆగిపోయారు. ఆ తరవాత ఎన్ని ఎండలు కాసినా గెడ్డ నీరు తియ్యలేదు. పెళ్లికూతురు పొడిచీరతో గట్టుకొస్తేనే తీస్తుందని పెద్దలు తేల్చారు. అసిరమ్మ పెళ్లిచీరతో గడప దాటితే చాలు, వాన. గొడుగులు అయ్యాయి, తాటాకు గూడు అయింది. ఇక కారే మిగిలింది. పొద్దుగూకేలోగా రాకపోతే ఇళ్లకి పోతామని మేళంవాళ్లు అవతల్నుంచి కబురు పెట్టారు. వాళ్లకీ ఇళ్లున్నాయి.

గవిరయ్య మైనపు దారంతో టాపులో కన్నం కుడతాడు. ధార జానెడు పక్కకి జరుగుతుంది. అక్కడ సైకిల్ ట్యూబు ముక్కకి సొల్యూషన్ రాసి అంటిస్తాడు. ధార ఆ ముక్కని మర్యాదగా చుట్టి వచ్చి మళ్లీ అసిరమ్మ పాపిట్లోనే పడుతుంది. తారు పూస్తాడు. వాన తారుని తుడుచుకుని దిగుతుంది.

"ముందు సీట్లోకి జరగప్పా."

ఆమె జరుగుతుంది. వానా జరుగుతుంది.

"ఎనకే నయం తమ్ముడా. ఇక్కడైతే బండి తోలేవోడు కూడా తడుస్తాడు."

ఆటోలకి టాపులు కుట్టే జలీలు వస్తాడు. కుట్లన్నీ వేలితో తడిమి, గుడ్డకి చెవి ఆనించి వింటాడు.

"టాపుకేటీ అవనేదు మావా. వానకే కన్నం పడింది."

"అయితే వాననే కుట్టు."

"దానికి నా కాడ సూది నేదు. ఆటో అయితే తీసుకురా, కుట్టీసి ఇచ్చెత్తాను."

పెట్టె సర్దుకుని జలీలు వెళ్లిపోతాడు. తలలో ఉన్న పేనుకి కూడా కోపం వచ్చేంత కోపం వస్తుంది గవిరయ్యకి.

"బామ్మర్దీ, తెరిపిచ్చిందేటి?" అవతలి గట్టు మీంచి పెళ్లికొడుకు అరుస్తాడు.

"కుడతన్నాను బావా."

"కుట్టు కుట్టు. సన్నాయోడికి పళ్లూడిపోతన్నాయి."

ఒక చుక్క గవిరయ్య పెదవి మీద పడుతుంది. నాలుకతో చూస్తాడు. అడుగంటిన అన్నం రుచి. సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోతుంది. గిన్నెలో తింటే పెళ్లికి వానొస్తుందని తెలియనివాళ్లెవరు?

"గిన్నెలో తిన్నావేటప్పా?"

"తిన్నాను. ఇయ్యేల పొద్దున కూడా తిన్నాను."

"పెళ్లిపూటా? ఇంట్లో కంచాలు నేవేటి?"

"కంచాలున్నాయి. కంచంలోకి పెట్టుకోడానికి అన్నం ఎప్పుడు మిగిలిందిరా? మీరందరూ తిని నెగిసాక అడుగున ఉన్నది గోక్కుంటాను. అది నోటికే సరిపోదు, మళ్లీ కంచం దాకా ఎక్కడొస్తాది?"

"ఈ మాట ముందే సెప్పొచ్చు గదా. పొద్దుట్నుంచి కుడతన్నాను."

"పనిలో ఉన్నోణ్ణి ఆపకూడదని ఊరుకున్నాను."

గవిరయ్య సూదిని టాపుకే గుచ్చి ఇంట్లోకి పోతాడు. పొయ్యి అతన్ని గుర్తు పట్టదు, ఎవరని అడుగుతుంది. అసిరమ్మ తమ్ముణ్ణి అంటేనే రాజుకుంటుంది. ఎసరు ఎంతో తెలియక దాన్నే అడగాల్సి వస్తుంది. అన్నం ఉడికాక పెద్ద గిన్నె పళంగా మోసుకొస్తాడు. దారిలో అతనికి ఆకలేస్తుంది. ఆ ఆకలిని పళ్ల మధ్య పట్టుకుంటాడు.

అప్ప ఒళ్లో అరిటాకు పరుస్తాడు. నీళ్లు చల్లక్కర్లేదు, వానే చల్లింది. ముందు ఆమెకే వడ్డిస్తాడు. గిన్నెలో పైన ఉన్న అన్నం.

అసిరమ్మ దాన్ని కాసేపు చూస్తుంది. పైన ఉన్న అన్నం ఇంత తెల్లగా ఉంటుందని ఆమెకి తెలియదు. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటుంది. ధార దారమవుతుంది. ఇంకో ముద్దకి దారం చుక్కలవుతుంది. చివరి చుక్క ఆమె పాపిటకి బెత్తెడు పైన ఆగి, ఆలోచించి, వెనక్కి ఎక్కిపోతుంది. ఒక్క గాలికి చీర ఆరిపోతుంది.

గవిరయ్య బకిళ్లు విప్పుతాడు. టాపు కదలదు. గెడ్డ కదులుతుంది. అవతలి అంచు లేచి, మడత మీద మడత పడుతూ వచ్చి, కారు వెనకాల దొంతరగా కూర్చుంటుంది. ఇన్నేళ్లూ ఎక్కడ విప్పాలో తెలియలేదు కదా అని విసుక్కుంటూ దాన్ని పట్టీతో బిగిస్తాడు.

ఇసక మీద మగపెళ్లివారు నడిచి వస్తారు. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని, గొడుగు వేసుకుని, ఇంకా పాతికేళ్లవాడిలాగే ఉన్నాడు. కారు తలుపు దగ్గర నిలబడి, "బయల్దేరుదామా? పొద్దు గూకతంది," అంటాడు.

అసిరమ్మ తలెత్తదు. "ఉండండి. తింతన్నాను."

తరవాత తమ్ముడి వైపు చెయ్యి చాపుతుంది. "పులుసేదిరా?"

గవిరయ్య మళ్లీ ఇంట్లోకి నడుస్తున్నాడు. పొయ్యి ఏం అడుగుతుందోనని అతని చిరాకు అతనిది. మడతపెట్టిన గెడ్డలో చేపలు ఒక మడతలోంచి ఇంకో మడతలోకి దూకుతున్నాయి. పెళ్లికొడుకు సీటు అంచున కూర్చుని ఆమె తినడం చూస్తున్నాడు. ఆమె ఒక్కో ముద్ద మింగుతుంటే అతని మీసం కొంచెం కొంచెం నెరుస్తోంది. చెంపలు జారుతున్నాయి, నడుం వంగుతోంది. ఆమె ఈడుకి అతను ఇంకా రాలేదు. గిన్నెలో అన్నం ఇంకా ఉంది.