నీడకి జీతం లేదు

ఆయాకి రోజూ రెండు చోట్ల పని. పొద్దున్నే డ్రైవర్ బాబాయి ఇంటికి వెళ్ళేది. ఒకప్పుడు ఊరంతా బస్సు తిప్పిన మనిషి, మోకాళ్ళు మొరాయించాక మంచానికీ కిటికీకీ మధ్యే ఉండిపోయాడు. ఆయనకి స్నానం చేయించి, గడ్డం గీసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మధ్యాహ్నం బస్సెక్కి బడికి పోయేది. అక్కడ కాళ్ళలో పట్టు లేని చిన్నపిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లని ఎత్తుకుని బాత్రూముకి తీసుకెళ్ళాలి, తినిపించాలి, బోర్డు దగ్గర పడిపోకుండా పట్టుకోవాలి. రెండు జీతాలూ ప్రభుత్వమే ఇచ్చేది.

ఆ ఏడాది బడ్జెట్‌లో కోత పడింది. బడిలో ఆయా పోస్టు తీసేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయా ఎక్కడికీ వెళ్ళే పనిలేక బాబాయికి గోళ్ళు తీస్తూ కూర్చుంది. ఆమె నీడ మాత్రం అలవాటు కొద్దీ లేచి, మెట్లు దిగి, బస్సెక్కింది. కండక్టరు టిక్కెట్టు అడగలేదు. బడిలో పిల్ల చేతులు చాచింది, నీడ ఎత్తుకుంది. "హమ్మయ్య, వచ్చావా!" అని హెడ్‌మిస్ట్రెస్ తన పనిలో తను పడిపోయింది.

అందరికీ బాగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆయాకి మాత్రం నడుం పట్టేసేది. నీడ మోసిన బరువంతా వచ్చి ఆమె ఒంట్లోనే దిగేది.

కొన్ని నెలలకి ఆయాల పనులు చూసే సూపర్వైజరు వచ్చాడు.

"బడి నీడతో చక్కగా నడుస్తోంది కదమ్మా. ఇక పెద్దాయన్ని కూడా అదే చూసుకుంటుంది. నువ్వు విశ్రాంతి తీసుకో."

"మరి జీతం?"

"నీడకి జీతమిచ్చే పద్దు లేదమ్మా. ఉంటే నేనే అడిగి ఇప్పించేవాణ్ణి."

ఆయా ఇంట్లో చాప మీద పడింది. నీడ పొద్దున బాబాయి దగ్గరికీ, మధ్యాహ్నం బడికీ తిరుగుతూనే ఉంది. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పెట్టిస్తే ఆమె తినేది, లేకపోతే లేదు.

ఒకరోజు గడ్డం గీస్తున్న నీడ చెయ్యి పట్టు తప్పి బాబాయి చెంప తెగింది. ఆయన ఫోను తీసి ఆయాకి చేశాడు.

"ఏమైందమ్మా నీకు?"

"ఏం లేదు బాబాయ్."

"ఏం లేకపోతే నా చెంప ఎందుకు తెగింది?"

ఆమె ఇక ఆపుకోలేక అంతా చెప్పేసింది.

"రేపు దీన్ని పంపకు," అన్నాడాయన.

"మీకెవరు చేస్తారు? ఆ పిల్లకెవరు చేస్తారు?"

"పిల్ల తల్లి నంబరివ్వు, నేను మాట్లాడతా. నువ్వే పోతే మాత్రం మాకెవరు చేస్తారు?"

మర్నాడు ఆయా కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, చీకట్లో పడుకుంది. వెలుతురు లేని గదిలో నీడ లేవలేదు. అక్కడ పిల్ల ఏడుస్తోందేమో అనుకుంటూ ఇక్కడ ఆమె ఏడ్చింది.

బాబాయి తడిసిన పక్క మీదే కూర్చుని సూపర్వైజరుకి ఫోను మీద ఫోను చేశాడు. అతను విసుక్కుంటూ వచ్చి, ఆయన్ని ఎత్తబోయి, నడుం కలుక్కుమని కూలబడ్డాడు. కుంటుకుంటూ ఆఫీసుకి తిరిగొచ్చేసరికి అతని బల్ల మీద పిల్ల కూర్చుని ఉంది. పక్కనే తల్లి.

"పని మానుకుని వచ్చానండీ. దీనికి బాత్రూముకి వెళ్ళాలట. మీరు తీసుకెళ్తారా, మీ పై ఆఫీసర్ని పిలుస్తారా?"

మర్నాడూ వచ్చారు వాళ్ళు. ఆ మర్నాడూ వచ్చారు.

చివరికి సూపర్వైజరు నడుం పట్టుకుని ఆయా తలుపు తట్టాడు.

"బడి పోస్టు మళ్ళీ ఇచ్చారమ్మా."

"బాబాయిది?"

"అది తర్వాత చూద్దామన్నారు."

"అయితే నేనూ తర్వాతే లేస్తా," అంది లోపల్నుంచి.

అతను గడప మీద కూర్చుని ఎవరెవరికో ఫోన్లు చేశాడు. బతిమాలాడు, అరిచాడు, "అయితే మీరే వచ్చి ఎత్తండి సార్ ఆయన్ని!" అన్నాడు. బాగా పొద్దెక్కాక తలుపు దగ్గరికి జరిగి, "రెండూ ఇచ్చారమ్మా. ఈ ఏడాదికి," అన్నాడు.

ఆయా మెల్లగా లేచి, మొహం కడుక్కుని, కిటికీ తెరిచింది. వెలుతురు చాప మీద పడింది. నీడ ఇంకా అక్కడే ముడుచుకుని నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, తనొక్కతే పనికి వెళ్ళింది.