డూగల్ ఇంట్లో రిహార్సల్

తేజేశ్వర్ సూట్‌కేసుని మెట్ల మీంచి మంచులోకి తన్నాడు డ్రైవర్. మా ఓనర్ ఆంజనేయప్రసాద్ కార్లోంచి దిగనైనా దిగలేదు. అద్దం దించి, "లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేస్తావురా? వెళ్లి వాళ్లింట్లోనే పడుకో" అన్నాడు.

మేం గెస్ట్‌హౌస్ కిటికీల్లోంచి చూస్తూ నిలబడ్డాం. ఒక్కరూ కదల్లేదు. మా వీసాలన్నీ ఆయన కన్సల్టెన్సీ పేరు మీదే ఉన్నాయి. ప్రాజెక్టు దొరికేదాకా షామ్‌బర్గ్‌లోని ఆ ఇంట్లో జీతం లేకుండా పడి ఉండాలి. రెజ్యూమెలో లేని అనుభవం రాయాలి. ఒకరి ఇంటర్వ్యూలో మరొకరు గొంతు ఇవ్వాలి. తేజేశ్వర్ కుదరదన్నాడు, ఫిర్యాదు చేశాడు. సాక్షులు కావాలన్నారు అధికారులు. సాక్షులు లేకపోతే అతను ఇండియా ఫ్లైట్ ఎక్కాల్సిందే.

ఆ ఫోన్ సంగతి ఓనర్‌కి ఎవరు మోశారు?

"ఇంకెవరు, ఆ తెల్ల ముసలోడే" అన్నాడు అఖిల్. "మనకి బీర్లు పోసి ప్రశ్నలడిగేది ఊరికేనా?"

డూగల్ ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ఓనర్ మనిషో, ఇమిగ్రేషన్ మనిషో అని మా అనుమానం. తేజేశ్వర్‌ని తన ఇంట్లో పెట్టుకున్నాక అది ఇంకా ముదిరింది. నేను నెట్‌లో వెతికాను. స్కాట్లాండ్‌లో, ఓడల కార్ఖానాలో వెల్డర్. తండ్రీ వెల్డరే. భోజన విరామంలో కూర్చుని రాసిన సమ్మె నాటకం టీవీలో వచ్చి దేశాన్ని ఊపేసింది. తర్వాత గని కార్మికుల మీద, నర్సుల మీద రాశాడు. చివరికి కార్మికుల్ని తాగుబోతు జోకర్లుగా మార్చమంది చానల్. మార్చనన్నాడు. పని పోయింది. కూతురున్న ఈ ఊరు చేరాడు.

దమయంతి మొహం మీదే అడిగేసింది. "నువ్వు ఎవరి మనిషివి?"

"నా యాసకి లండన్ వాళ్లు సబ్‌టైటిల్స్ వేశారమ్మాయ్. నన్ను పెట్టుకుంటే ఇమిగ్రేషన్ వాళ్లకి దుబాసీ కావాలి."

మేం నవ్వకపోయేసరికి డూగల్ అసలు సంగతి చెప్పాడు.

"మీ మీద నాటకం రాశాను. ఎవరికైనా పంపే ముందు మీరు చదవాలి. మా కార్ఖానా క్యాంటీన్‌లో అదే పద్ధతి. అబద్ధం మాట వినబడితే వెల్డర్లు చెంచాతో బల్ల మీద కొట్టేవాళ్లు."

ఆదివారం మధ్యాహ్నం అందరం డూగల్ ఇంటికి వెళ్లాం. ఓనర్ పాత్ర అఖిల్‌కి పడింది.

"నీ వీసా క్యాన్సిల్ చేస్తా!" అని చదివి, వెంటనే చెంచాతో బల్ల కొట్టాడు. "తప్పు. ఆయన ఇలా అరవడు. మెల్లగా అంటాడు, 'నీ చెల్లెలి కాలేజీ ఎక్కడో నాకు తెలుసు తేజా, ఆలోచించుకో' అని."

తేజేశ్వర్ లేచి నిలబడ్డాడు. "డ్రైవర్‌ని దింపేసి, కార్లో నాకొక్కడికే చెప్పిన మాట అది. నేనెవరికీ చెప్పలేదు. నీకెట్ల తెలుసురా?"

అఖిల్ చెంచా కింద పెట్టాడు. "ఆయనే... నవ్వుకుంటా చెప్పాడన్నా. నా వీసా ఎక్స్‌టెన్షన్ ఆయన చేతిలో ఉంది."

"మావి నీ చేతిలో ఉన్నాయారా?" అని నేను కాలర్ పట్టుకున్నాను. దమయంతి నా చెయ్యి లాగేసింది.

"వీణ్ణి కొడితే ప్రసాద్‌కి దెబ్బ తగుల్తుందా?"

అంతలో అఖిల్ ఫోన్ మోగింది. ప్రసాద్ సార్. దమయంతి లాక్కుని స్పీకర్ ఆన్ చేసింది.

"చెప్పు అఖిల్. ముసలాడింటికి ఎవరెవరు పోయారు?"

డూగల్‌కి తెలుగు రాదు. మా మొహాలు చదువుతూ కదలకుండా కూర్చున్నాడు.

"దమయంతి" అంది దమయంతి.

నేను నా పేరు చెప్పాను. తర్వాత వేద, కౌస్తుభ్, గోడ వారగా కూర్చున్న మిగతావాళ్లు. ఒకరు ఆగేలోపు ఇంకొకరు.

"ఏంట్రా ఇది? తమాషాలా? అఖిల్! ఉన్నావా?"

అందరం అఖిల్ వైపు తిరిగాం. వాణ్ణి ఎవరూ క్షమించలేదు. అది వాడికీ తెలుసు.

"ఉన్నాను సార్, వీళ్లతోనే" అన్నాడు. "రేపు లేబర్ ఆఫీసుకి అందరం వెళ్తున్నాం. మీరు నాతో ఏమేం అన్నారో నేనే చెప్తా."