నూటికి ఎనిమిది తేడా

డబ్బా కొట్టుకోవడం కాదు గానీ, పడవ ఆట విషయంలో నన్ను మించి మాట్లాడే మనిషి లేడని నా నమ్మకం. అది నాణెం వేసి, నిలబడి ఆడే పెద్ద మెషిన్ కోసం పుట్టిన ఆట. ఎదురొచ్చే రాళ్లను తప్పించుకుంటూ పడవ నడపాలి, అంతే. తర్వాత ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునేలా మూడు సంస్థలు దాన్ని మూడు రకాలుగా తయారుచేశాయి. వాటిలో ఏది అసలుకు దగ్గరగా ఉందో తేల్చడం పదేళ్లుగా నా పిచ్చి. పగలు టీవీలు బాగుచేస్తాను, తీరిక దొరికితే వీడియో ఆపి ఆపి ఫ్రేములు లెక్కపెడతాను. మా ఆవిడ దీన్ని "పేలు చూడడం" అంటుంది.

మూడింటినీ ఉతికి ఆరేశాను. మూడూ పరుగులు పెడుతున్నాయనీ, మూడింట్లోనూ పాట కీచుగా ఉందనీ నెట్‌లో రాశాను. అసలు మెషిన్ మీద పడవ తెర ఈ చివర నుంచి ఆ చివరకు నూట అరవై రెండు ఫ్రేముల్లో చేరుతుంది. వీటిలో నూట యాభైలోనే చేరిపోతోంది.

ఈ లెక్కకు నా ఆధారం ఒక పాత వీడియో టేపు. మా నాన్న ఆటల హాల్లో మెకానిక్‌గా చేసేవాడు. ఆ హాల్లోనే మా అక్క పదిహేడో ఏట పడవ ఆటలో నాలుగు లక్షల పన్నెండు వేల పాయింట్లు కొట్టింది. ఎవరో పుణ్యాత్ముడు మొదటి నుంచి చివరిదాకా కెమెరా పట్టుకుని తీశాడు. ఆ రోజు నుంచి అక్కకు పడవ నడిపే సరంగు అనే పేరు స్థిరపడిపోయింది.

ఈ ఏడాది ఒక చిన్న సంస్థ ఆ ఆటను కొత్తగా తెస్తూ, సరిచూసి పెట్టమని నన్ను అడిగింది. పాతకాలపు రికార్డుల పట్టిక కూడా ఆటలో పెడతారట. అందిన వాటిలో అక్కదే మొదటి స్థానం. అక్క బట్టలు కుడుతుంది. కొలతలు తీసుకుంటూ "కదలకండి" అని, కదల్లేని ఆ మనిషికి తన రికార్డు గురించి మొత్తం చెప్పేది. నేను ఏడిపిస్తే ఒకసారి కత్తెర పక్కన పెట్టి అంది: "చదువు సగంలో ఆగింది. కాపురం సాగలేదు. నేను అందరికంటే ముందున్నది అదొక్కదాంట్లోనేరా." నేను మళ్లీ ఏడిపించలేదు.

తర్వాత ఆ సంస్థలోని ఇంజనీరమ్మ ఫోన్ చేసింది.

"సార్, ఇంకో రెండు ఊళ్ల నుంచి టేపులు వచ్చాయి. రెండింట్లోనూ నూట యాభయ్యే."

నాకు ఒళ్లు మండింది. "అయితే ఆ రెండు మెషిన్లూ చెడిపోయుంటాయి" అన్నాను.

ఆవిడ ఓపికగా, "మీ టేపు పాతది కదా, సాగి నెమ్మదించిందేమో సార్. అలా అని ఒక ముక్క రాసివ్వండి, రికార్డు ఉంచేస్తాం" అంది.

ఫోన్ పెట్టేసి టేపు మళ్లీ చూశాను. మెషిన్ పక్కన గోడ గడియారం ఉంది. దాని సెకన్ల ముల్లు బుద్ధిగా సరైన వేగంతోనే తిరుగుతోంది. టేపు సాగలేదు. మూడు ఆటలూ రెండు టేపులూ ఒక్క మాట మీదుంటే, విడిగా ఉన్నది మాది. నేనేమో పదేళ్లుగా లోకమంతటినీ తప్పుపడుతున్నాను. నా తీరే అంత.

నాన్న వంటగదిలో చిక్కుడుకాయలు తుంచుతున్నాడు.

"నాన్నా, పడవ మెషిన్ స్పీడు ఎప్పుడైనా మార్చావా?"

"నేనెందుకు మారుస్తా? క్రిస్టల్ పోయింది. బోర్డు మీద టిక్కుటిక్కుమంటూ ఆటంతా నడిపించేది అదే. సరైన నంబరు దొరక్క, డ్రాయర్లో దానికి దగ్గర్లోది ఉంటే వేశా. బొమ్మ వణికితే నాబ్ తిప్పి నిలబెట్టా. అసలుది వచ్చాక మారుద్దామనుకుని మర్చిపోయా."

"ఎన్నాళ్లు?"

"హాలు మూసేసేదాకా."

"అక్క కోసం చేశావేమో అనుకున్నా."

"దానికోసమా? అప్పటికి అది హాలు గడపే తొక్కలేదు."

రెండు రోజులు ఆ అబద్ధాన్ని మనసులో చక్కగా రాసుకున్నాను. టేపు సాగింది, అంతే. ఎవరికీ నష్టం లేదు, నా పరువు కూడా దక్కుతుంది. కానీ గోడ గడియారాన్ని చూసినవాణ్ని, చేయి ఆడలేదు. ఆదివారం పొద్దున అక్కను ఇంటికి పిలిచి, నాన్న ముందే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అక్క టీవీ ముందుకు కుర్చీ లాక్కుంది. "సరైన స్పీడుది పెట్టు" అంది.

పెట్టాను. మూడుసార్లు ఆడింది. ఎక్కువ వచ్చింది పంతొమ్మిది వేలు. రాయి కనబడేలోపే మీదికి వచ్చేస్తోంది. పడవను తిప్పే కర్ర వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అంటే నా గొప్పేం లేదన్నమాట. మెషిన్ నెమ్మదిగా ఉండబట్టి గెలిచా."

లాప్‌టాప్ తెరిచి, ఆ సంస్థకు "ఆ మూడు ఆటలూ సరైనవే, తప్పు నాది. మా మెషిన్ నూటికి ఎనిమిది పాళ్లు నెమ్మది. పట్టికలోంచి మా అక్క రికార్డు తీసేయండి" అని రాశాను. పంపడానికి వేలు రాలేదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఆ మెషిన్ నీ ఒక్కదానికే నెమ్మదిగా నడిచిందా అమ్మా? ఊళ్లో కుర్రకారంతా ఆడింది దానిమీదేగా. నీ తర్వాత స్కోరెంతో తెలుసా? తొంభై ఒక్క వేలు."

అక్క తలెత్తింది. "ఎవరిది?"

నాన్న కిటికీ వైపు చూపు తిప్పాడు.

"నాదే. రోజూ హాలు తెరవకముందు గంటసేపు ఆడేవాణ్ని. నిన్ను దాటాలని ఆరేళ్లు తంటాలు పడ్డా."

"మెషిన్ని నీ చేత్తో నెమ్మది చేసి మరీ ఓడిపోయావా నాన్నా!"

అక్కకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, నా భుజం మీదుగా వంగి నేను రాసింది మొత్తం చదివింది.

"పంపెయ్‌రా" అంది.