ఉప్పుకుప్ప ముందు ముఖం

నేను ఒక డిజిటల్ కెమెరాను. ఎక్కడో పరాయి దేశంలో, దుమ్ము లేని గదిలో, చేతికి తొడుగులు వేసుకున్నవాళ్ళు నన్ను బిగించారు. బతికింది మాత్రం శ్రీకాకుళం తీరాన, ఉప్పుగాలిలో. దానికి నాకు విచారం లేదు.

ఫోటో అబద్ధం చెప్పదని మనుషులు అంటారు. నాకు ముఖాలు తెలియవు, వెలుగే తెలుసు. ఎదుట తెలుపు ఎక్కువైతే వెలుగు మితిమీరిందనుకుని కన్ను చికిలిస్తాను. అప్పుడు ఆ తెలుపు ముందు నిలబడ్డ మనిషి నల్లటి నీడ అయిపోతాడు. ‘అక్కడున్నది మనిషి, వెలుగు పెంచు’ అని చెప్పడానికి నా నెత్తిన ఒక చక్రం ఉంది. ఒకవైపు కూడిక గుర్తు, రెండోవైపు తీసివేత గుర్తు. మనిషి తిప్పితేనే అది తిరుగుతుంది.

నా మొదటి యజమాని కూర్మారావుకు ఊళ్ళో ఫోటో స్టూడియో ఉంది. అతను నన్ను కొన్ననాడు, వెలుగు సంగతి నాకే వదిలేసే ‘ఆటో’ మోడ్‌లో పెట్టాడు. వదిలించుకున్ననాడూ ఆటోలోనే ఉన్నాను. ఒకసారి ఉప్పుమళ్ళ కాంట్రాక్టరు కూలీల ఫోటోలు కావాలన్నాడు. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఉప్పుకుప్ప ముందు నిలబెట్టి కూర్మారావు నొక్కాడు. అందరి ముఖాలూ బొగ్గులా వచ్చాయి. “ఈళ్ళ రంగే అంత” అన్నాడు. చక్రం అతని వేలి పక్కనే ఉంది.

వాళ్ళలో దాలమ్మ ఒకతె. ఆ వేసవిలోనే వడదెబ్బకు మడిలో పడిపోయి చనిపోయింది. ఆమెకు వేరే ఫోటో లేదు. దినకార్యానికి గోడమీద పెట్టడానికి భర్త తవిటయ్య స్టూడియోకు వచ్చాడు. కూర్మారావు తనకు అలవాటైన పని చేశాడు. ముఖం తెల్లబరిచి, ముక్కు సన్నం చేసి, తల తీసి కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న ఒంటికి అతికించాడు. ఆ ఊళ్ళో చనిపోయిన ఆడవాళ్ళందరూ ఒకే ఎర్ర పట్టుచీరలో, ఒకే గొలుసుతో గోడలకు వేలాడుతున్నారు.

“ఎవులీవిడ?” అన్నాడు తవిటయ్య.

“నీ పెళ్ళామే మావా.”

“ఇది నా పెళ్ళాం కాదు. ఇది ఉప్పుతట్ట ఎత్తదు.”

“అసలు ఫోటోలో మొకమే నేదు. దండేస్తే అందంగా ఉండాల కాదేటి?”

తవిటయ్య ఆ పటాన్ని బల్లమీదే వదిలి వెళ్ళిపోయాడు. దినకార్యం నాడు గోడకు మేకు ఉంది, పటం లేదు.

కొన్నాళ్ళకు కూర్మారావు కొత్త కెమెరా తెచ్చుకున్నాడు. నన్ను వదిలించుకుంటున్నాడని విని తవిటయ్య మేకను లాక్కుంటూ వచ్చాడు.

“ఇందులో మా దాలమ్మ ఉందా?”

“కార్డులో ఆ నల్ల ఫోటో ఉంటాది. ఏటి సేసుకుంటావు?”

“నేర్సుకుంటాను.”

మేక అటు వెళ్ళింది, నేను ఇటు వచ్చాను. మేక పాలిచ్చేది. నేను చాలాకాలం ఏమీ ఇవ్వలేదు.

తవిటయ్య చదువు ఊరి బడిలో అయిదో తరగతి దాకా. నా మెనూ అంతా ఇంగ్లీషు. వచ్చిన రోజే ఉప్పు పట్టిన తువ్వాలుతో నా కంటిని తుడిచాడు. ఆ గీత ఇప్పటికీ ఉంది. చేయి వణికితే బొమ్మ అలుక్కుపోతుందని తెలిసి, పార కర్రకు ఆనించి తీయడం నేర్చుకున్నాడు. తీసిందల్లా చూసుకునేవాడు, తుడిపేసేవాడు, మళ్ళీ తీసేవాడు. దాలమ్మ ఫోటో మాత్రం తెరిచేవాడు కాదు.

కూలి విరామంలో మరదలు గున్నమ్మ కుప్ప ముందు నిలబడేది. దాలమ్మకు చెల్లెలు. నా తెరలో తనను చూసుకుని, “మేకనిచ్చి బొగ్గు కొన్నావు బావా” అనేది.

ఒకనాడు అతని వేలు చక్రం మీద ఆగింది. కూడిక గుర్తు బళ్ళో చూసిందే. అటు తిప్పి నొక్కాడు. గున్నమ్మ ముఖం వచ్చింది, పైపళ్ళ మధ్య సందుతో సహా. వెనక కుప్ప మాత్రం తెల్లగా కరిగిపోయింది.

“కుప్ప పోయింది బావా.”

“పోనీ. ఉప్పు ఎప్పుడూ ఉంటాది.”

ఆ సాయంత్రం దాలమ్మను తెరిచాడు. తీసిన ఫోటోకు కూడా కొంత వెలుగు పెంచే వీలు నాలో ఉంది. దాని పక్కనా అదే గుర్తు. నొక్కుతూ పోయాడు. చీకట్లోంచి నుదురు వచ్చింది, దానిమీద చెమట ఎండిన ఉప్పుచార. ముడిపడిన కనుబొమలు. విప్పబోతున్న పెదవులు.

“ఇదే. తిట్టబోతంది” అన్నాడు. బ్యాటరీ అయిపోయేదాకా నన్ను దించలేదు.

అచ్చు వేయించడానికి మళ్ళీ కూర్మారావు దగ్గరికే వెళ్ళాలి. అతను మొహం చిట్లించాడు.

“గింజలు గింజలుగా ఉంది మావా. నునుపు సెయ్యనా?”

“సెయ్యెట్టకు.”

“సిరాగ్గా సూస్తంది. సచ్చిపోయినోళ్ళు ఇలాగ సూడకూడదు.”

“మిట్టమద్దేనం ఎండలో నిలబెట్టినావు. నిన్నే సూస్తంది.”

కూర్మారావు ఉన్నదున్నట్టు అచ్చు వేశాడు.

సంవత్సరీకానికి ఆ పటం మేకుకు ఎక్కింది. దాలమ్మ వచ్చినవాళ్ళందరినీ చిరాగ్గా చూసింది. స్టూడియోలో పట్టుచీర పటం ఉందిగా అని పెద్దవాళ్ళు గొణిగారు. “ఇట్టం నేనోళ్ళు బువ్వ తినేసి ఎల్లండి” అన్నాడు తవిటయ్య. గొణిగినవాళ్ళందరూ తినే వెళ్ళారు. మర్నాడు ఉప్పుమళ్ళలో ఇద్దరు ముసలమ్మలు కుప్ప ముందు నిలబడి, చీర సర్దుకోకుండా, తమనూ తీయమన్నారు.

తరవాత ఉప్పు నన్ను తినేసింది. తెర మసకబారింది, స్ప్రింగులు తుప్పుపట్టాయి. ఇప్పుడు దాలమ్మ పటం కింద గూట్లో ఉన్నాను. మొన్న కూర్మారావు వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని చక్రం తిప్పబోయాడు. అది కదలలేదు. కూడిక గుర్తు దగ్గర బిగిసిపోయింది.

“నూనేసి తిప్పితే వస్తాది మావా.”

“అక్కడెట్టెయ్” అన్నాడు తవిటయ్య.